వ్యాసం సరిపోయింది, వృత్తం కాలేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాట్లాడమని మన కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "నాకు సాహిత్యం రాదు, రాజకీయం రాదు, నేనేం మాట్లాడతానయ్యా" అన్నాను. అద్దంకిలో మైకు పట్టుకోవాలంటే ఎవరికైనా కాస్త జంకే. పండరంగడు తరువోజ పద్యాన్ని రాతి మీద చెక్కించిన ఊరు ఇది. ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రాప్రగడ ఉన్న ఊరు ఇది. "అవన్నీ మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు. నలభై ఏళ్లు నువ్వు ఏ పని చేశావో అది చెప్పు" అన్నాడు ఆయన. నేను చేసిన పని కొలవడం. మా అమ్మ, అడిగినవాళ్లకు "మావాడు హైదరాబాదులో ఇనప ముక్కలు కొలుస్తాడు" అని చెప్పేది. నా ఉద్యోగం గురించి అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

ముందుగా ఒక ముక్కను మీ మధ్యకు పంపిస్తున్నాను. బొటనవేలంత లావు స్టీలు పిన్ను. దాంతోపాటు ఒక మైక్రోమీటరు కూడా ఇస్తున్నాను. ముందు వరుసవాళ్లు చూసి వెనక్కి పంపండి. చేత్తో కాకుండా ఆ గుడ్డతో పట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఎక్కడ పెట్టి కొలిచినా 19.995 మిల్లీమీటర్లు చూపిస్తుంది. అది గుండ్రంగా ఉందో లేదో చూసి, ఈ ప్రసంగం అయ్యేలోపు చెప్పండి.

ఇక తొమ్మిదో తరగతికి వెళ్దాం. లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక గుండ్రటి గీత గీశారు. వృత్తలేఖిని లేదు, చేత్తోనే. "ఇది వృత్తమా కాదా, ఎట్లా తేలుస్తావురా?" అని నన్ను లేపారు. నేను చెక్క స్కేలు తీసుకుని వెళ్లి, అడ్డంగా కొలిచాను, నిలువుగా కొలిచాను, ఐమూలగా కొలిచాను. మూడూ ఒకటే వచ్చినయ్. "వృత్తమే సార్" అన్నాను గర్వంగా. మాస్టారు నవ్వి, "నిర్వచనం చెప్పు" అన్నారు. "ఒక స్థిర బిందువు నుంచి సమాన దూరంలో ఉండే బిందువుల పథం సార్." "మరి అందులో వ్యాసం అన్న మాట ఎక్కడుందిరా? నువ్వు కొలిచిందేమిటి, నీకు కావలసిందేమిటి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ ప్రశ్న విలువ ఏమిటో నాకు తెలియడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది, ఒక మనిషి జీతం కూడా దాదాపు పోయింది.

1986లో బాలానగర్‌లో ఒక చిన్న కర్మాగారంలో నేను తనిఖీ విభాగంలో ఉన్నాను. పేరు ఎందుకులెండి, ఇప్పుడు అది లేదు. అక్కడ సెంటర్‌లెస్ గ్రైండరు నడిపే ఆయన చీరాల వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఒకే ప్రాంతం వాళ్లమని నేను ఆయన్ను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు. ఒకసారి 800 పిన్నుల ఆర్డరు వచ్చింది. డ్రాయింగులో 20 మిల్లీమీటర్లు, హెచ్6 అని ఉంది. అంటే పిన్ను 20.000 కంటే ఎక్కువ ఉండకూడదు, 19.987 కంటే తగ్గకూడదు. మధ్యలో ఉన్న సందు 13 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే, వెంట్రుకలో ఐదో వంతు తేడాలో ఆ పని నడవాలన్నమాట. దీన్నే మేం టాలరెన్సు అంటాం. ఏ మిషనూ సరిగ్గా 20 అని చేయలేదు కాబట్టి, ఎంత తేడాను ఓర్చుకుంటామో ముందే కాగితం మీద రాసుకోవడం.

ఒక్కో ముక్కనూ మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో మైక్రోమీటరుతో కొలిచాను. అన్నీ 19.990కీ 19.997కీ మధ్యనే ఉన్నాయి. సంతకం పెట్టాను. ముక్కలు వెళ్లిపోయాయి. వారం తిరక్కుండా వెనక్కి వచ్చాయి. వాళ్ల దగ్గర రంధ్రాల్లోకి కొన్ని దిగుతున్నాయి, కొన్ని బిగుసుకుపోతున్నాయి.

వచ్చిన ముక్కలను మళ్లీ కొలిచారు. కొలత సరిగ్గానే ఉంది. అయితే తప్పెవరిది? "గ్రైండరు దగ్గర ముక్కలను ట్రేలోకి విసిరేసి ఉంటాడు, అంచులు దెబ్బతిన్నాయి" అని తేల్చారు. బాబాయ్ జీతంలో కోత వేశారు. ఇంకోసారి ఇట్లా అయితే ఇంటికే అన్నారు. నేను మూడు రోజులు నోరు విప్పలేదు. ఎందుకంటే నా కాగితం మీద అంకెలన్నీ బాగున్నాయి, నా సంతకానికి ఢోకా లేదు. మూడో రోజు టీ దగ్గర ఆయన నా పక్కన కూర్చుని, "అబ్బాయ్, నువ్వు బాగుందన్నావు. వాళ్లు బాగా లేదన్నారు. ముక్క ఒకటే గదా. మధ్యలో నేనేం చేశానయ్యా?" అన్నాడు. కోపంగా అడిగి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణి. మామూలుగా అడిగాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎప్పటికో మా మాస్టారి మాట గుర్తొచ్చింది. అందులో వ్యాసం అన్న మాట ఎక్కడుందిరా?

మీరు ఇంటికి వెళ్లాక ఇది చేసి చూడండి. ఒక సమబాహు త్రిభుజం గీయండి. ఒక్కో శీర్షం దగ్గర వృత్తలేఖిని ముల్లు పెట్టి, మిగతా రెండు శీర్షాలను కలుపుతూ చాపం గీయండి. మూడు చాపాలు కలిసి ఉబ్బిన త్రిభుజంలాంటి ఆకారం వస్తుంది. దాన్ని ఎటు తిప్పి రెండు సమాంతర రేఖల మధ్య పెట్టినా వెడల్పు ఒక్కటే. స్కేలుతో కొలిస్తే వృత్తమే అనిపిస్తుంది. మైక్రోమీటరుకు ఉన్నవి రెండు దవడలు, అంటే రెండు సమాంతర రేఖలు. ఆ ఆకారాన్ని అది జన్మలో పట్టుకోలేదు. పిన్ను మూడు వైపులా కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బుకు సరిగ్గా ఎదురుగా అంతే లొత్తపడితే, వ్యాసం ఎక్కడ కొలిచినా ఒక్కటే వస్తుంది.

మర్నాడు టూల్ రూములో 60 డిగ్రీల వీ-బ్లాకు అడిగి తెచ్చుకున్నాను. వీ అక్షరం ఆకారంలో గాడి ఉన్న ఉక్కు దిమ్మె అది. పిన్నును గాడిలో పడుకోబెట్టి, పైన డయల్ గేజి ముల్లు ఆనించి, పిన్నును మెల్లగా తిప్పాను. గాడి రెండు గోడలు, పైన ముల్లు, మొత్తం మూడు చోట్ల ఆనుతుంది. మూడు ఉబ్బులున్న ముక్క అయితే ఈ అమరికలో అసలు లోపానికి మూడింతలు కనపడుతుంది. ముల్లు నాలుగున్నర గీతలు కదిలింది. అంటే 45 మైక్రాన్లు. మూడుతో భాగిస్తే 15. వ్యాసం 19.995 చూపిస్తున్న పిన్ను, రంధ్రంలోకి దూరేటప్పుడు 20.010 ఉన్న పిన్నులాగా ప్రవర్తిస్తోంది. వాళ్ల రంధ్రం 20.003 ఉంటే అది ఎట్లా దిగుతుంది?

కారణం కూడా దొరికింది. సెంటర్‌లెస్ గ్రైండరులో ముక్కను ఎక్కడా బిగించరు. సానచక్రానికీ, ముక్కను తిప్పే ఇంకో చక్రానికీ మధ్యలో ఒక బ్లేడు మీద అది ఆని ఉంటుంది. ముక్క కేంద్రం ఆ రెండు చక్రాల కేంద్రాలను కలిపే రేఖ కంటే కొంచెం పైన ఉండాలి. సరిగ్గా ఆ రేఖ మీదే ఉంటే, ఒక పక్క ఉబ్బు తిప్పే చక్రానికి తగలగానే ఎదుటి పక్క సానచక్రం ఎక్కువ కోస్తుంది. ఉబ్బుకు ఎదురుగా లొత్త పడుతుంది. వ్యాసం మారదు, గుండ్రతనం పోతుంది. రాత్రి షిఫ్టులో ఎవరో బ్లేడు మార్చారు, ఎత్తు చూసుకోలేదు. బాబాయ్ ఏ ముక్కనూ విసరలేదు.

నేను ఒక కాగితం రాసి మేనేజరుకు ఇచ్చాను. "నేను వ్యాసం కొలిచాను. గుండ్రతనం కొలవలేదు. సంతకం నాది" అని. బాబాయ్ కోత వెనక్కి ఇచ్చారు. నాకు ఒక మెమో ఇచ్చారు, అది ఇంకా దాచుకున్నాను. లోపం తక్కువ ఉన్న కొన్ని పిన్నులను మళ్లీ సానపట్టి బతికించాం. మిగతావి తుక్కులో పోయాయి. ఒక్కటి మాత్రం జేబులో వేసుకున్నాను. మీ చేతుల్లో తిరుగుతున్నది అదే.

ఆ డ్రాయింగులో కొలత రాశారు గానీ, ఎంత గుండ్రంగా ఉండాలో రాయలేదు. సైజు ఒక ప్రశ్న, ఆకారం ఇంకో ప్రశ్న. ఒకదానికి వచ్చిన జవాబు రెండోదానికి చెల్లదు. ఈ సంగతిని పద్ధతిగా నేర్చుకున్నది ఆ తర్వాత, బాలానగర్‌లోనే ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో. కేంద్ర ప్రభుత్వం 1968లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో పెట్టిన సంస్థ అది. అక్కడ బోర్డు మీద జ్యామితి టాలరెన్సుల గుర్తులు చూసి నాకు నవ్వొచ్చింది. చిన్న సున్న ఉంటే గుండ్రతనం. రెండు వాలు గీతలుంటే సమాంతరం. నిలువు గీత కింద అడ్డ గీత ఉంటే లంబం. సమాంతర చతుర్భుజం బొమ్మ ఉంటే చదును. ఇట్లాంటివి మొత్తం 14. ప్రపంచంలో ఏ దేశం డ్రాయింగులోనైనా అవే. సగానికి పైగా మన తొమ్మిదో తరగతి జ్యామితి పుస్తకంలోవే. ఇంగ్లీషు రాదని భయపడుతూ హైదరాబాదు వెళ్లిన తెలుగు మీడియం కుర్రాణ్ణి నేను. ఆ బోర్డు చూశాక భయం తగ్గింది.

ఇప్పుడు మన రాయి సంగతి. బల్లికురవ, మార్టూరు, చీమకుర్తి పేర్లు చెబితే గ్రానైటు గుర్తొస్తుంది. మన ఇళ్లలో వంటగట్టు మీద అద్దంలా మెరిసే పలక ఉంటుంది. అది చదునుగా ఉందా? మెరుస్తోంది కాబట్టి ఉంటుందనుకుంటాం. నునుపు వేరు, చదును వేరు. మంచి ఉక్కు స్కేలు అంచును దాని మీద నిలబెట్టి, వెనక టార్చిలైటు వేసి చూడండి. అంచు నిజంగా తిన్ననిదైతే, రెండు మూడు మైక్రాన్ల సందులోంచి కూడా వెలుతురు సన్నగా కనపడుతుంది. కొలతల గదిలో వాడే గ్రానైటు బల్ల ఇంత మెరవదు, మసకగానే ఉంటుంది. కానీ దాని మీద ఏ మూల నుంచి ఏ మూలకు వెళ్లినా ఎత్తు తేడా కొద్ది మైక్రాన్లే. దాన్ని సర్ఫేస్ ప్లేటు అంటాం. మేం తీసే ప్రతి కొలతకూ అదే నేల. ఎత్తు ఎంత అని ఎవరైనా అడిగితే, ఎక్కడి నుంచి అని మేం ఎదురు అడుగుతాం.

పూర్వం ఈ బల్లలు పోత ఇనుముతో చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో వాలెస్ హెర్మన్ అనే ఆయన గ్రానైటుతో చేసి చూశాడు. ఆయనకు యంత్ర భాగాల పనీ ఉంది, సమాధి రాళ్లు చెక్కే దుకాణమూ ఉంది. రాయి తుప్పు పట్టదు. వేడికి ఉక్కు సాగినంత సాగదు. ఏదైనా పడి దెబ్బ తగిలితే ఇనుము అంచు పైకి లేచి కొలతను చెడగొడుతుంది, రాయి పెచ్చు ఊడి ఊరుకుంటుంది. ఇప్పుడు మంచి కొలతల గదులన్నిటిలో రాతి బల్లలే.

మరి మొట్టమొదటి చదునైన బల్లను దేంతో కొలిచారు? ఇది పిల్లలు తప్పకుండా అడగవలసిన ప్రశ్న. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1840లో గ్లాస్గోలో జరిగిన ఒక సభలో దీనికి జవాబు చదివాడు. మన తిరగలి చూడండి. రెండు రాళ్లు ఒకదాని మీద ఒకటి అరిగి చక్కగా అతుక్కుంటాయి. అంతమాత్రాన రెండూ చదునని కాదు. ఒకటి ఉబ్బి, రెండోది అంతే లొత్తపడి ఉండొచ్చు. మూడో పలక తెచ్చి, ఒకటీ రెండూ, రెండూ మూడూ, మూడూ ఒకటీ ఇట్లా మార్చి మార్చి రుద్దుతూ, ఎత్తుగా ఉన్నచోటల్లా గీకుతూ పోతే, మూడూ ఒకదానికొకటి అతికే రోజుకు మూడూ చదునుగా ఉండక తప్పదు. ఉబ్బుకు లొత్త జతపడుతుంది గానీ, మూడిట్లో ఏ రెండు పెట్టినా అతకాలంటే ఉబ్బు కుదరదు, లొత్త కుదరదు. ముందుగా ఏ కొలబద్దా లేకుండా, ఒట్టి తర్కంతో పుట్టిన సమతలం అది.

ఆ బల్లను నిలబెట్టేది కూడా మూడు చోట్లే. మన అమ్మమ్మలకు ఇది తెలుసు. పొయ్యికి మూడు రాళ్లు పెట్టేవారు. నేల ఎట్లా ఉన్నా కుండ ఊగదు. మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయి. నాలుగో కాలు వచ్చిందంటే కుర్చీ ఊగడం మొదలు. యంత్ర భాగాన్ని కొలతకు పెట్టేటప్పుడు కూడా ఇదే సూత్రం. అడుగు తలానికి మూడు బిందువులు, పక్క తలానికి రెండు, చివరి తలానికి ఒకటి. ఆరు ఆనిస్తే ముక్క ఇక ఎటూ కదలదు. ఎవరు కొలిచినా, ఎక్కడ కొలిచినా ఒకే జవాబు వస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే ఒక పొరపాటు చెప్పాలి. చదును కొలవమంటే ముక్కను నేరుగా బల్ల మీద పెట్టి, పైన డయల్ తిప్పి అంకె రాసేస్తారు. వాళ్లు కొలిచింది పైతలం కిందితలానికి ఎంత సమాంతరంగా ఉందన్నది. ముక్క ఒకవైపు మందంగా ఉంటే, పైతలం ఎంత చదునుగా ఉన్నా ముల్లు కదులుతుంది. చదును కావాలంటే ముక్కను మూడు చిన్న జాకీల మీద నిలబెట్టి, పైతలం మీద మూడు మూలలను ముందు ఒకే ఎత్తుకు తెచ్చుకుని, అప్పుడు మిగతా చోట్ల చూడాలి. ఇక్కడ కూడా మాస్టారి ప్రశ్నే. నువ్వు కొలిచిందేమిటి, నీకు కావలసిందేమిటి?

మన పత్తి ప్రాంతం వాళ్లకు ఇంకో సంగతి. రనౌట్ అనే గుర్తు ఉంది, క్రికెట్ అనుకునేరు. తిరిగే ముక్క తన అక్షం చుట్టూ సరిగ్గా తిరుగుతోందా, ఊగుతోందా అన్నది. బండి చక్రం ఎంత గుండ్రంగా చేసినా ఇరుసు రంధ్రం నడిమధ్యన లేకపోతే బండి ఎగిరెగిరి పడుతుంది. కేంద్రం 0.05 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే డయల్ మీద 0.10 కనపడుతుంది. ఒకవైపు అంత ఎక్కువ, రెండోవైపు అంత తక్కువ కాబట్టి రెట్టింపు. చిలకలూరిపేట, గణపవరం వైపు నూలు మిల్లుల్లో కదురు నిమిషానికి 15 వేల నుంచి 20 వేల చుట్లు తిరుగుతుంది. 18 వేల చుట్ల దగ్గర, బరువు కేంద్రం ఆ 0.05 మిల్లీమీటర్లు పక్కకు ఉంటే లాగుడు ఎంత ఉంటుందో లెక్క వేశాను. దాని సొంత బరువుకు సుమారు 18 రెట్లు. బేరింగు అరుగుతుంది, దారం తెగుతుంది. దారం తెగిన ప్రతిసారీ అతకడానికి పరిగెత్తేది అక్కడ పనిచేసే ఆడపిల్ల.

రంధ్రాల స్థానం గురించి కూడా ఒక్క మాట. పాత పద్ధతిలో రంధ్రం కేంద్రం అటూ ఇటూ 0.1, పైకీ కిందకీ 0.1 జరగొచ్చు అని రాసేవారు. అది చతురస్రం. మూలల దిశగా రంధ్రం 0.14 దాకా జరిగినా పాసు, నేరుగా పక్కకు 0.11 జరిగితే ఫెయిలు. బోల్టుకు దిక్కులతో ఏం పని? స్కాట్లండులో టార్పెడోలు తయారుచేసే ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసిన స్టాన్లీ పార్కర్ ఈ ప్రశ్న వేసుకుని, చతురస్రం బదులు దాని పరివృత్తం తీసుకుంటే చాలన్నాడు. వైశాల్యం 57 శాతం ఎక్కువ. లెక్క మీరే వేసుకోండి, పదో తరగతి లెక్కే. అన్యాయంగా తుక్కులోకి పోయే ఎన్నో మంచి ముక్కలు ఆ వృత్తం వల్ల బతికాయి. టాలరెన్సు అంటే తప్పులు పట్టడమే అనుకుంటారు. మంచి ముక్కను మంచిదని చెప్పడం కూడా దాని పనే.

పిన్నును గుడ్డతో పట్టుకోమన్నాను గదా. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పుకోవాలని 1931లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. మన ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు. 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క ఆ 25 డిగ్రీల తేడాకు దాదాపు 29 మైక్రాన్లు సాగుతుంది. ఇందాకటి 13 మైక్రాన్ల సందు గుర్తు తెచ్చుకోండి, దానికి రెండింతలు పైనే. అందుకే ముక్కనూ పరికరాన్నీ ఒకే గదిలో గంటల తరబడి ఉంచి, రెండూ ఒకే వేడికి వచ్చాక కొలుస్తాం. "వేడి వేడిగా కొలిచి పంపించెయ్" అనే మేనేజర్లు నాకు ఎంతోమంది తగిలారు. మిరపకాయలను తడి ఆరకుండా తూకం వేస్తే ఒప్పుకుంటారా అని వాళ్లను అడిగేవాణ్ణి.

ఇప్పుడంతా కంప్యూటరు కాలం గదా, ఇవన్నీ దేనికి అంటారు. నిజమే, మూడు దిక్కుల్లో కదిలే కొలత యంత్రాలు వచ్చాయి. వాటి బల్ల కూడా గ్రానైటే. చిన్న కెంపు గోళీ ముక్కను తాకుతుంది, తెర మీద అంకె వస్తుంది. రిటైరవడానికి కొంచెం ముందు ఒక చోట సలహా కోసం పిలిచారు. షాఫ్టులు బిగుసుకుపోతున్నాయి, యంత్రం మాత్రం గుండ్రతనం బ్రహ్మాండంగా ఉందంటోంది. యంత్రం నడిపే అమ్మాయి చాలా చురుకైనది. "ఎన్ని బిందువులు తీసుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "నాలుగు సార్, 90 డిగ్రీలకు ఒకటి" అంది.

ఒకే రేఖ మీద లేని ఏ మూడు బిందువుల గుండా అయినా ఒకే ఒక వృత్తం పోతుందని చదువుకున్నాం. అంటే మూడు బిందువులే తాకితే ఎంత వంకర ముక్క అయినా యంత్రానికి పరిపూర్ణ వృత్తమే. నాలుగు అయినా, మూడు ఉబ్బుల ముక్క మీద సమాన దూరాల్లో తీసుకుంటే, కేంద్రం కొంచెం జరిగిన మంచి వృత్తంలాగే లెక్క వస్తుంది. ఆ అమ్మాయికి కాగితం మీద గీసి చూపించాను. ఆమె వెంటనే చుట్టూ 36 బిందువులు తీసుకుంది. తెర మీద మూడు ఉబ్బులూ కనపడ్డాయి. ఆమె ముఖంలో 1986లో వీ-బ్లాకు ముందు నిలబడిన నా ముఖం కనిపించింది. "సార్, ఇప్పటిదాకా పాస్ చేసినవన్నీ?" అంది. "అవన్నీ మళ్లీ కొలుద్దాం. ముందు గ్రైండరు నడిపేవాణ్ణి ఎవరూ ఏమీ అనకుండా చూద్దాం" అన్నాను.

మా మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఉంటే ఈ సంగతంతా విని, "ఇప్పటికైనా నిర్వచనం వచ్చిందన్నమాట" అనేవారు.

ఇక చివరగా కొన్ని మాటలు. మా బ్యాచ్ తరఫున ఈ బడి ప్రయోగశాలకు ఒక చిన్న గ్రానైటు సర్ఫేస్ ప్లేటు, డయల్ గేజి, మైక్రోమీటరు, రెండు వీ-బ్లాకులు ఇస్తున్నాం. రెండెందుకంటే, 60 డిగ్రీల గాడి మూడు ఉబ్బులను మూడింతలు చేసి చూపిస్తుంది గానీ ఐదు ఉబ్బులను అసలు చూపించదు. 90 డిగ్రీల గాడి ఐదు ఉబ్బులను రెండింతలు చేసి చూపిస్తుంది. ఒకే సాధనాన్ని నమ్ముకోవద్దని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

మార్టూరు, బల్లికురవ వైపు రాతి పనిలో ఉన్న మన మిత్రులకు ఒక విన్నపం. జానెడు పలకలు మూడేసి చొప్పున కొన్ని జతలు బడికి పంపించండి. పిల్లలు విట్‌వర్త్ పద్ధతిలో మూడింటినీ రుద్ది చూస్తారు. మన రాయి దిమ్మెలుగా ఊరు దాటిపోవడం రోజూ చూస్తున్నాం. దాని మీద ఒక మైక్రాను విలువ తెలిసిన పిల్లలు నలుగురు ఇక్కడి నుంచి తయారైతే, రేపు ఆ రాయితో ఏం చేస్తారో ఎవరు చెప్పగలరు? ఉపాధ్యాయులకు కూడా ఒక సంగతి. నేను చెప్పిన టూల్ డిజైన్ సంస్థలో పదో తరగతి అయినవాళ్లకు నాలుగేళ్ల డిప్లొమా ఉంది. జ్యామితి అంటే ఇష్టపడే పిల్లలు కనపడితే వాళ్ల తల్లిదండ్రులకు చెప్పండి.

పిన్ను వెనక వరుస దాకా వెళ్లినట్టుంది. గుండ్రంగా ఉందన్నవాళ్లు చేతులెత్తండి. (సభలో చాలా చేతులు లేచాయి.) నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్లు కూడా అదే అన్నారు, ఏం ఫరవాలేదు. ఆ పిన్నును కూడా బడికే ఇచ్చేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో వృత్తం పాఠం మొదలుపెట్టే రోజున పిల్లల చేతికి మైక్రోమీటరు ఇచ్చి ముందు కొలవనివ్వండి. "వృత్తమే సార్" అన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టకుండా, వీ-బ్లాకు దగ్గరికి పిలిచి అతని చేతే తిప్పించండి.